ఓటీపీకి మన సిమ్, నెట్‌కి ఈసిమ్: విదేశం వెళ్ళేవాళ్ళు ఫోను సర్దుకోవడం ఎలా

మలికిపురం సెంటర్లో మాది రీఛార్జ్ కొట్టు. మొన్న వేసవిలో ఒక మావయ్యగారు కొత్త ఐఫోను తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కనే పిన్నీసు. "అబ్బాయి న్యూజెర్సీ నుంచి పంపాడోయ్. అరగంట నుంచి గుచ్చుతున్నాను, ట్రే బయటికి రాదే" అన్నారు. తిప్పి చూశాను. ఆయన గుచ్చింది కింద మైకు బెజ్జంలో. ఆ ఫోనుకి ట్రే ఉంటే కదా రావడానికి!

2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రే లేదు. 2025లో వచ్చిన 17 అయితే కువైట్, ఒమన్, ఖతార్, యూఏఈ, సౌదీల్లో కొన్నా అంతే, అన్నీ ఈసిమ్‌తోనే, అంటే ట్రేలో పెట్టే ముక్క లేకుండా నెట్ ద్వారా ఫోను లోపలికే ఎక్కించే సిమ్. రాజోలు, సఖినేటిపల్లి, నర్సాపురం వైపు ఏ వీధి చూసినా గల్ఫ్‌లో ఒకరైనా ఉంటారు. భీమవరం, అమలాపురం వైపు అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు. అందుకే కొట్లో రోజూ చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఫ్లైటుకి పది రోజుల ముందు మొదలెడితే తీరిగ్గా అయిపోతుంది.

అన్నిటికంటే ముందు ఒక గందరగోళం తీర్చాలి. "రోమింగ్ ఆపేశానండి, ఇక డబ్బులు పోవు" అంటారు చాలామంది. రోమింగ్ వేరు, డేటా రోమింగ్ వేరు. రోమింగ్ అంటే మన నంబరు పరాయి దేశం టవర్ పట్టుకోవడం. అది ఉంటేనే బ్యాంకు ఓటీపీ వస్తుంది. డేటా రోమింగ్ అంటే ఆ నంబరు మీద నెట్ వాడడం. జేబు ఖాళీ చేసేది ఇదే. మొదటిది ఉంచాలి, రెండోది ఆపాలి. కొందరు భయంకొద్దీ సిమ్ తీసి దేవుడి గూట్లో పెట్టి వెళ్తారు. పది రోజులు తిరక్కుండానే ఇంట్లోవాళ్ళు నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు, "ఆయనకి బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదంట, ఓటీపీ ఇక్కడికొస్తోంది" అని. మన సిమ్ మనతోనే ఉండాలి. నెట్‌కి మాత్రం ఇంకో లైను పెట్టుకోవాలి.

మీ ఫోను ఒప్పుకుంటుందో లేదో చూడండి

కాల్ చేసే చోట *#06# కొట్టండి. ఫోను గుర్తింపు నంబరైన 15 అంకెల ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనిపిస్తే ఆ ఫోనులో ఈసిమ్ ఉన్నట్టే. ఐఫోన్లలో 2018 నాటి ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో ఖరీదైన వాటిలో ఎక్కువగా ఉంటుంది, చవక ఫోన్లలో తక్కువ. పెట్టె మీద రాసినదాని కంటే *#06# మాటే నమ్మండి.

విదేశం నుంచి వచ్చిన ఫోనైతే ఇంకోటి చూడాలి. అక్కడ వాయిదాల మీద కొన్న ఫోన్లు చాలావరకు ఒకే కంపెనీకి లాకై ఉంటాయి. వేరే కంపెనీ సిమ్ గానీ ఈసిమ్ గానీ వాటిలో పనిచేయదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్ళి క్యారియర్ లాక్ దగ్గర చూడండి. "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటే బెంగ లేదు. లేకపోతే ఫోను పంపిన పిల్లలకే చెప్పి అన్‌లాక్ చేయించాలి, ఆ పని నావల్ల కాదు, ఏ కొట్టువాడి వల్లా కాదు.

మన నంబరుని ఏం చేయాలి

ట్రే ఉన్న ఫోనైతే ఏమీ చేయక్కర్లేదు. మన సిమ్ ట్రేలో ఉంటుంది, కొత్త ఈసిమ్ లోపల కూర్చుంటుంది. హాయి.

ట్రే లేని ఫోనైతే మన నంబరునే ఈసిమ్‌గా మార్చాలి. కంపెనీ యాప్‌లో గానీ, వాళ్ళ సొంత స్టోర్‌లో గానీ చేయించుకోండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. దొంగతనంగా సిమ్ మార్చి ఓటీపీలు కొట్టేసేవాళ్ళని అడ్డుకోడానికి పెట్టిన నిబంధన అది. మంచిదే. కానీ రేపు ఫ్లైటనగా ఈ రోజు మార్చారనుకోండి, ఎయిర్‌పోర్టులో ఆన్‌లైన్‌లో కార్డుతో కడదామంటే ఓటీపీ రాదు. వారం ముందే మార్చేసుకుని, బ్యాంకు ఓటీపీ ఒకటి తెప్పించి చూసుకోండి.

మార్చమని అడిగేది మీరే అయి ఉండాలి. "కంపెనీ నుంచి మాట్లాడుతున్నామండి, మీ సిమ్‌ని ఉచితంగా ఈసిమ్ చేస్తాం, ఆ లింకు నొక్కండి, వచ్చిన నంబరు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మీరు నొక్కిన మరుక్షణం మీ నంబరు వాడి ఫోనులోకి పోతుంది, తర్వాత మీ ఖాతా కూడా. ఏ కారణం లేకుండా ఫోనులో సిగ్నల్ మాయమై "నో సర్వీస్" వచ్చిందంటే బ్యాంకుకి ఫోన్ చేసి ఖాతా ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. పక్కింటివాళ్ళ ఫోను అడగడానికి మొహమాటపడకండి.

నెట్ ఎక్కడిది తీసుకోవాలి

మూడు దారులున్నాయి. మన కంపెనీవాళ్ళ రోమింగ్ ప్యాకు ఒకటి. యాత్రికుల కోసం అమ్మే ట్రావెల్ ఈసిమ్ రెండోది. అక్కడ దిగాక తీసుకునే స్థానిక సిమ్ మూడోది.

వారం లోపు ప్రయాణమైతే మన ప్యాకే వేసుకోమంటాను. కాస్త ఖరీదైనా నెట్, కాల్స్, ఓటీపీ అన్నీ ఒక్క నంబరు మీదే నడుస్తాయి. పెద్దవాళ్ళకి లైన్లు మార్చే బాధ ఉండదు. నెల రోజులైతే ట్రావెల్ ఈసిమ్. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి కువైట్‌లో సివిల్ ఐడీ, దుబాయ్‌లో ఎమిరేట్స్ ఐడీ చేతికొచ్చాక స్థానిక సిమ్మే చవక. అది వచ్చేదాకా నెట్టుకురాడానికి చిన్న ట్రావెల్ ఈసిమ్ చాలు.

ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి. ఫోన్ నంబరు ఉండదు. వాట్సాప్ నడుస్తుంది, మ్యాపు నడుస్తుంది. మామూలు కాల్ మాత్రం మన సిమ్ మీదే వెళ్తుంది, చార్జీ కూడా దాని మీదే పడుతుంది. కొనేచోట కూడా కాస్త చూసుకోవాలి. మన దేశంలో విదేశీ సిమ్‌లు అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి కావాలి. అది లేదని 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇక్కడ ఆపించారు. కాబట్టి ఎవడో టెలిగ్రామ్‌లో పంపిన క్యూఆర్ కోడ్‌కి డబ్బులు కట్టకండి.

ఇంట్లో వైఫై దగ్గరే ఎక్కించుకోండి

ఈసిమ్ ఎక్కడానికి నెట్ కావాలి. అక్కడ దిగాక ఎక్కిద్దామంటే నెట్ కోసం ఈసిమ్, ఈసిమ్ కోసం నెట్ అయి కూర్చుంటుంది. వెళ్ళే ముందే ఇంట్లో ఎక్కించండి. చాలా ప్యాకులు అక్కడి టవర్ పట్టుకున్నాకే రోజులు లెక్కపెడతాయి. కొన్ని మాత్రం ఎక్కించిన గంట నుంచే మొదలెడతాయి. కొనే ముందు ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

కొన్నాక మెయిల్‌లో క్యూఆర్ కోడ్ వస్తుంది. అదే ఫోనులో చూస్తూ అదే ఫోనుతో స్కాన్ చేయాలని తిప్పలు పడతారు. అద్దం ముందు నిలబెట్టి ప్రయత్నించినవాళ్ళు కూడా ఉన్నారు, నవ్వకండి. ఆ కోడ్‌ని ఇంట్లో ఇంకో ఫోనుకి పంపి దాని తెర మీంచి స్కాన్ చేయండి, లేదా కాగితం మీద ప్రింట్ తీయించండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మొబైల్ సర్వీస్, యాడ్ ఈసిమ్. శాంసంగ్‌లో సెట్టింగ్స్, కనెక్షన్స్, సిమ్ మేనేజర్, యాడ్ ఈసిమ్. స్కాన్ కుదరకపోతే కోడ్ కింద ఎస్ఎం-డీపీ ప్లస్ అడ్రస్ అని, యాక్టివేషన్ కోడ్ అని రెండు ఉంటాయి, వాటిని చేత్తో కొట్టినా అదే పని అవుతుంది.

ఆ కోడ్ మామూలుగా ఒక్కసారే పనిచేస్తుంది. ఎక్కించాక "పనిచేయట్లేదేంటి" అని తీసేస్తే డబ్బులు పోయినట్టే. ఇక్కడ మన ఊళ్ళో అది సిగ్నల్ చూపించదు. చూపించకూడదు కూడా. వేరే దేశానికి కొన్నది కదా.

ఎక్కించాక లైన్లకి పేర్లు అడుగుతుంది. ప్రైమరీ, సెకండరీ అని వదిలేయకండి. ఒకదానికి "ఇల్లు", ఇంకోదానికి "నెట్" అని పెట్టండి. తెర మీద మెసేజీ వచ్చినప్పుడు అది ఏ లైనుదో ఈ పేరుతోనే తెలుస్తుంది.

ఫ్లైటు ముందు రోజు సెట్టింగులు

మొబైల్ డేటాకి "నెట్" లైను ఎంచుకోండి. కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి "ఇల్లు" లైను.

"ఇల్లు" లైనులో డేటా రోమింగ్ ఆఫ్. "నెట్" లైనులో డేటా రోమింగ్ ఆన్. ఈ రెండో మాట దగ్గర అందరూ ఆగిపోతారు, "రోమింగ్ ఆన్ చేస్తే డబ్బులు పోవా?" అని. పోవు. ట్రావెల్ ఈసిమ్ ఇచ్చిన కంపెనీ ఇంకెక్కడిదో అయి ఉంటుంది. ఏ ఊరు వెళ్ళినా అది చుట్టమే, ఎక్కడా దానికి సొంతిల్లు లేదు. అందుకే రోమింగ్ ఆన్‌లో లేకపోతే నెట్ రాదు. డబ్బులు ముందే కట్టేశారు కాబట్టి ప్యాకు అయిపోతే ఆగుతుందంతే, బిల్లు రాదు.

తర్వాత "అలో మొబైల్ డేటా స్విచింగ్" అని ఒక మీట ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఆటో డేటా స్విచింగ్ అంటారు. ఆఫ్ చేయండి. ఇది ఆన్‌లో ఉంటే ఈసిమ్ సిగ్నల్ తగ్గగానే ఫోను చప్పుడు లేకుండా ఇంటి లైను మీద నెట్ లాగబోతుంది. నా కొట్టుకొచ్చిన రోమింగ్ గొడవల్లో సగం ఈ మీట పుణ్యమే.

ఇంటి నంబరు మీద కాల్ ఫార్వార్డింగ్ పెట్టి ఉంటే ##002# కొట్టి తీసేయండి. విదేశంలో ఉండగా మీరు ఎత్తని కాల్ ఇంకో నంబరుకి మళ్ళితే దానికి కూడా చార్జీ పడొచ్చు.

ఫోటోల బ్యాకప్ వైఫైలోనే జరిగేలా పెట్టండి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్ళి వైఫై లేనప్పుడు ఏదీ దానంతట అది దిగకుండా చేయండి. నాకు దీని విలువ మస్కట్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు తెలిసింది. దారిలో దుబాయ్‌లో మూడు గంటలు ఆగాలి. ఒక్క రోజు ప్యాకు వేసుకున్నాను, మస్కట్‌లో దిగాక వాడుకుందామని. దుబాయ్‌లో ఫోను తెరవగానే ప్యాకు అక్కడే మొదలైపోయింది. మేనల్లుడి పెళ్ళి ఫోటోలు నాలుగు వందలు బ్యాకప్‌కి బయల్దేరాయి. కాఫీ తాగి వచ్చేసరికి డేటా అయిపోయిందని మెసేజీ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "వాడారు కదండీ" అన్నారు. వాళ్ళది తప్పు కాదు, కానీ మధ్యలో ఆగే దేశంలో కూడా ప్యాకు మొదలవుతుందని ఒక్క ముక్క పెద్దక్షరాల్లో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? కొట్టు పెట్టుకున్న నాకే ఇలా అయితే, మొదటిసారి వెళ్ళే పిన్నిగారి సంగతేంటి?

ఇంకో చిన్న పని. ఫోనులో ఉన్న నంబర్లన్నీ ముందు +91 పెట్టి సేవ్ చేసుకోండి. పది అంకెలే ఉంటే కువైట్ సిమ్ నుంచి కలవదు. అన్నీ మార్చే ఓపిక లేకపోతే ఇంట్లోవాళ్ళవి, బ్యాంకుది, ఏజెంటుది మార్చండి చాలు.

చివరగా ఒక చీటీ రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి: ఇంటి నంబరు, అక్కడ మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళ నంబరు, అక్కడి అత్యవసర నంబరు. కువైట్‌లో 112, యూఏఈ, ఖతార్‌లలో 999, ఒమన్‌లో 9999, అమెరికాలో 911. ఫోను చచ్చిపోయినా కాగితం చావదు.

విమానంలో

ఫ్లైట్ మోడ్ పెట్టండి. పైన కూడా ఏరోమొబైల్ లాంటి నెట్‌వర్కులు ఉంటాయి. ఫ్లైట్ మోడ్ పెట్టకపోతే ఫోను వాటిని పట్టుకుంటుంది. మీరు వేసుకున్న దేశం ప్యాకు మామూలుగా ఆకాశంలో చెల్లదు, దానికి ఇన్‌ఫ్లైట్ ప్యాకు వేరే ఉంటుంది.

దిగాక టకటకా వచ్చే మెసేజీలు

ఫ్లైట్ మోడ్ తీయగానే రెండు మూడు నిమిషాల్లో మెసేజీలు వరస కడతాయి. చాలామంది చదవకుండా తుడిచేస్తారు. ఒక్కోటి చూద్దాం.

మొదటిది స్వాగతం. కువైట్ అయితే జైన్, ఊరిడూ, ఎస్టీసీల్లో ఏదో ఒకటి పట్టుకుంటుంది, తెర మీద ఆ పేరు కనిపిస్తుంది. అందులో రేట్లుంటాయి: స్థానిక కాల్‌కి నిమిషానికి ఇంత, ఇండియాకి ఇంత, వచ్చే కాల్‌కి ఇంత, డేటా ఎంబీకి ఇంత. అవి ప్యాకు లేనివాళ్ళ రేట్లు. ప్యాకు వేసుకున్నవాళ్ళు చూసి గుండె పట్టుకోనక్కర్లేదు. ప్యాకు లేనివాళ్ళు మాత్రం "వచ్చే కాల్" దగ్గర ఆగి చదవండి. మన ఊళ్ళో ఫోను ఎత్తడం ఉచితం. అక్కడ ఎత్తితే మీకూ పడుతుంది. "ఎంబీకి" అన్న మాట కూడా చిన్నది కాదు. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది.

రెండోది ప్యాకు మొదలైందని వస్తుంది. గడువు దగ్గర "ఐఎస్‌టీ" అని ఉందేమో చూడండి. అంటే మన టైము. రాత్రి 11:59 ఐఎస్‌టీకి ముగుస్తుందంటే కువైట్ గడియారంలో అది 9:29, దుబాయ్, మస్కట్‌లలో 10:29. అన్నం తిని ఇంటికి వీడియో కాల్ చేద్దామనుకునేసరికి ప్యాకు అయిపోయి ఉంటుంది.

మూడో రకం, డేటా సగం అయింది, దాదాపు అయిపోయింది అని వచ్చేవి. ఇవి వాడకం కంటే కొంచెం వెనకపడి వస్తాయి. "అయిపోవచ్చింది" అని వచ్చేసరికి నిజంగానే అయిపోయి ఉండొచ్చు.

మెసేజీ "ఇల్లు" లైనుకి వచ్చి, డేటా వాడుతున్నారని చెప్తే ఆలస్యం చేయకండి. మొబైల్ డేటా ఏ లైను మీద ఉందో, ఆ స్విచింగ్ మీట ఎలా ఉందో వెంటనే చూడండి.

వాట్సాప్ "మీ నంబరు మారిందా?" అని అడగొచ్చు. మార్చకండి. నెట్ ఏ లైను మీద నడిచినా వాట్సాప్ పాత నంబరు మీదే ఉంటుంది. ఐఫోన్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ యాక్టివేట్ చేయాలా అని అడిగితే మాత్రం ఆలోచించండి, అది మీకు తెలియకుండా ఒక అంతర్జాతీయ ఎస్సెమ్మెస్ పంపుతుంది, దానికి చార్జీ పడొచ్చు.

ఇక లింకు ఉన్న మెసేజీలు. "రోమింగ్ బకాయి ఉంది, రెండు గంటల్లో సిమ్ ఆగిపోతుంది, ఇక్కడ నొక్కండి." నొక్కకండి. అనుమానముంటే కంపెనీ యాప్ తెరిచి చూసుకోండి.

నెట్ రాకపోతే

కంగారుపడి ఈసిమ్ తీసేయకండి. ఫ్లైట్ మోడ్ ఒకసారి పెట్టి తీయండి. "నెట్" లైనులో డేటా రోమింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, పదిలో ఆరుసార్లు అదే. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ సెలక్షన్‌లో ఆటోమేటిక్ తీసి, కనిపించే పేర్లలో ఇంకోటి ఎంచుకోండి. అదీ కాకపోతే ఏపీఎన్, అంటే నెట్‌కి దారి చూపే సెట్టింగు. ఈసిమ్ అమ్మినవాళ్ళ మెయిల్‌లో ఒక చిన్న పదం ఉంటుంది, దాన్ని ఏపీఎన్ గడిలో ఉన్నదున్నట్టు కొట్టాలి. ఇవన్నీ ఎయిర్‌పోర్టు వైఫై ఉండగానే చేసుకోండి, బయటికొస్తే సాయం అడగడానికి కూడా నెట్ ఉండదు.

దుబాయ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడి స్థానిక సిమ్ మీద వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గానీ కాల్స్ కలవవు. అది ఫోను తప్పు కాదు, ఆ దేశం నిబంధన. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ ఇంట్లోవాళ్ళ ఫోనులో కూడా ముందే వేయించండి. వెళ్ళాక "అమ్మా, ప్లేస్టోర్ తెరువు" అని మెసేజీల్లో నేర్పించడం ఎంత కష్టమో మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు.

ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళకి

ఇక్కడి నంబరు బతికుంచుకోండి. బ్యాంకు, ఆధార్, పొలం పాస్‌బుక్కు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. రీఛార్జ్ గడువు దాటితే కాల్స్, మెసేజీలు ఒక్కొక్కటే ఆగుతాయి. 90 రోజులు ఏ వాడకమూ లేక, బ్యాలెన్స్ కూడా 20 రూపాయల లోపు ఉంటే నంబరే పోవచ్చు. తర్వాత అది ఇంకొకరికి వెళ్తుంది, మీ ఓటీపీలు కూడా వాళ్ళకే. ఇంట్లోవాళ్ళకి తేదీ చెప్పి రీఛార్జ్ చేయించుకోండి. మా కొట్లో ఇలాంటి నంబర్లకి ఒక నోట్‌బుక్కే ఉంది. పేరు ఎదురుగా గడువు తేదీ, ఏ దేశంలో ఉన్నారో. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పేజీ చూసి ఒక్కొక్కరూ నవ్వుకుంటారు.

తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లో దిగగానే మొబైల్ డేటాని "ఇల్లు" లైనుకి మార్చండి. ఇది మర్చిపోయి, నర్సాపురం రైలెక్కి, రాత్రంతా నెట్ లేక కూర్చుని, పొద్దున్నే పంటు ఎక్కి గోదావరి దాటి నేరుగా నా దగ్గరికొచ్చి "ఫోను పాడైంది" అన్నవాళ్ళున్నారు. ప్యాకులో రోజులు మిగిలి, మళ్ళీ వెళ్ళేది ఉంటే ఈసిమ్‌ని తీసేయకుండా ఆఫ్ చేసి ఉంచండి. ఫోను అమ్మేస్తున్నా, రీసెట్ చేస్తున్నా "ఇరేజ్ ఈసిమ్" అని అడిగే ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగండి. ట్రే లేని ఫోనైతే ఆ మాటతో పోయేది మీ సొంత నంబరు కూడా. ముందు దాన్ని కొత్త ఫోనులోకి మార్చుకుని, ఆ తర్వాతే సరే అనండి.